దారం కొరికిన చోట

చాందికి గుండె లేదని గడియారం తేల్చేసింది.

మణుగూరు రోడ్డు దిగి అడవంచున ఉన్న తండా అది. ఖమ్మం నుంచి వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు బడి వరండాలో బల్ల వేసుక్కూర్చుని, వచ్చినవాళ్ల మణికట్టుకు నల్లటి గడియారం కట్టి చూస్తున్నారు. దాని అడుగున పచ్చటి దీపం వెలుగుతుంది. ఆ వెలుగు చర్మంలోకి దిగి, రక్తం పొంగినప్పుడల్లా లెక్క పట్టుకుంటుంది. మగవాళ్లందరికీ పట్టింది. పంజాబీ డ్రస్సులు వేసుకున్న ఆడపిల్లలకూ పట్టింది. చాంది వంతు వచ్చేసరికి అంకె ఉండవలసిన చోట రెండు అడ్డగీతలు వచ్చి కూర్చున్నాయి.

ఆ గడియారం కట్టింది పరాయి పిల్ల కాదు. చాంది కొడుకు బలరాం కూతురు, భార్గవి. బలరాం ఖమ్మంలో ఖానాపురం హవేలి దగ్గర కిరాయి ఇంట్లో ఉండి షేర్ ఆటో నడుపుతాడు. భార్గవి ఎలక్ట్రానిక్స్ ఆఖరి సంవత్సరం. ఈ గడియారాల ప్రాజెక్టు తనదీ, తన క్లాస్‌మేట్ సరితదీ.

భార్గవి పట్టీ బిగించి చూసింది, వదులు చేసి చూసింది. చాంది చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లటి గాజులు, మోచేతి పైన భుజం దాకా మళ్లీ గాజులు. కింది గాజులను నాలుగు వేళ్లు పైకి నెట్టి జాగా చేస్తే, ఆ జాగా నిండా పచ్చబొట్టు. పెళ్లినాటికి పొడిపించుకున్న తేలు, చుక్కలు, మధ్యన ఒక నెమలి. ఆ సిరా దాటుకుని వెలుగు లోపలికి పోవడం లేదు.

"గాజులు తీసేస్తే ఇంకొంచెం పైన కట్టి చూడొచ్చు, అమ్మమ్మా," అంది సరిత మర్యాదగానే.

వరసలో నిలబడ్డ ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. సరితకు తెలియదు. మోచేతి పైన గాజులు ఒక్కనాడే తీస్తారు, మొగుడు పోయిననాడు. చాంది మొగుడు బద్యా అదే వరండా చివర స్తంభానికి ఆనుకుని, బీడీ తాగుతూ, తన గుండె బ్రహ్మాండంగా ఉందని గడియారం చెప్పిన సంగతి నలుగురికీ వినిపిస్తున్నాడు.

"ఆయన గాడ కూసున్నడు. కనబడ్తలేడా బిడ్డా?" అంది చాంది.

సరితకు అర్థం కాలేదు. ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. అంకె రాకపోతే కారణం రాయాలి. ఉన్న కారణాలు మూడే, అందులో దగ్గరగా కనబడినది నొక్కింది. చాంది పేరు పక్కన 'సహకరించలేదు' అని పడింది. ఆ వెనక వచ్చిన ఆడవాళ్లు ఎక్కువమందికి కూడా అదే పడింది.

ఆ మూడు కారణాలు రాసిపెట్టింది భార్గవే, సరిత హాస్టల్ గదిలో కూర్చుని, టీ తాగుతూ. ఇప్పుడు ఆ మాట తాను దాది అని పిలిచే నాన్నమ్మ పేరు పక్కన చూసేసరికి ఒళ్లు చిమచిమలాడింది. ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లారకముందే అడవికి పోకపోతే పువ్వు మేకల పాలవుతుంది. ఆ పని మానుకుని, పెట్టెలో దాచిన అద్దాల కాంచళి రవిక తీసి కట్టుకుని, మనవరాలు వస్తుందని అందరికన్నా ముందు వచ్చి నిలబడ్డ మనిషి. ఇంతకు మించి సహకరించడమంటే ఏమిటో ఆ సాఫ్ట్‌వేర్‌నే అడగాలి.

"అయితే నాకు గుండె లేదంటదా మీ గడియారం?" అంది చాంది. నవ్వుతూనే అంది కానీ, గడియారం విప్పించుకున్న చేతిని కొంగు కిందికి లాక్కుంది.

"గుండె ఉంది దాదీ. గడియారానికే కండ్లు లేవు."

అనడమైతే అంది. బస్సెక్కాక దారి పొడుగునా ఆ రెండు అడ్డగీతలే కళ్లలో మెదిలాయి.

*

"ఆ ఆడవాళ్ల రీడింగులు తీసెయ్ భార్గవీ," అన్నాడు శివకుమార్ సార్. "గ్రాఫ్ నీట్‌గా ఉంటది."

సార్ చెడ్డవాడు కాడు. కొత్తగూడెం గని కార్మికుడి కొడుకు, పిల్లలకు సొంత డబ్బుతో చిప్పులు కొనిపెట్టే మనిషి. కానీ రివ్యూలు దగ్గరపడితే ఆయనకు నీట్‌గా ఉండటం తప్ప మరొకటి కనబడదు.

"వాళ్లను తీసేస్తే తండాల సగం మంది ఉండరు సార్."

"ప్రాజెక్టు తండా గురించి కాదమ్మా. గుండె గురించి."

"వాళ్లకు గుండెలు లేవా సార్?"

ఆయన పెన్ను పక్కన పెట్టి ఆమె వంక చూశాడు. అంత మాట తన నోట్లోంచి వచ్చినందుకు భార్గవే బెదిరింది. అయినా వెనక్కి తీసుకోలేదు. "వెలుగుతోటి కాకుండా కదలికతోటి చూస్త సార్. మోషన్ సెన్సార్. మనిషి కదలకుండ కూసున్నా, గుండె కొట్టినప్పుడల్లా రొమ్ము ఎముక కొంచెం అదురుతది. ఫోన్ అడ్డం తిప్పితే బొమ్మ తిరుగుతది సూడుండ్రి, గా చిప్పే. దాన్ని రొమ్ము మీద పెడితే అదురు దొరుకుతది. గాజులు అడ్డం రావు, పచ్చబొట్టు అడ్డం రాదు."

"తెలుసు. చదివిన. దగ్గినా, మాట్లాడినా పోయే సిగ్నల్ అది." ఆయన కాసేపు గోడ మీద క్యాలెండర్ చూశాడు. "వచ్చే వారం రివ్యూ. బయటి ఎగ్జామినర్ వస్తడు. సరిత గడియారం చూపిస్తది, ఆమె పాసయితది. నువ్వు నీదంటూ వేరే చూపిస్తనంటే చూపియ్. నడవకపోతే మాత్రం మళ్ల వచ్చే ఏడాదే. నన్ను అడగొద్దు."

"అడగను సార్."

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. నాన్న ఆటో స్టాండులో ప్రతి ప్యాసింజరుకూ చెబుతుంటాడు, మా పాప ఈ ఏడాది ఇంజనీరు అయితదని. ఆ మాట మరో ఏడాది వాయిదా పడితే ఆయన ముఖం ఎలా ఉంటుందో తలుచుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. కానీ దాది చేతిని కొంగు కిందికి లాక్కున్న తీరు అంతకన్నా ఎక్కువగా గుచ్చుకుంటోంది. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని, చిప్పులూ తీగలూ ఒక టిఫిన్ డబ్బాలో వేసుకుని, మణుగూరు బస్సెక్కింది.

*

మొదటి చిక్కు చాందితోనే వచ్చింది. ఆమె పడుకోనంది.

"జరసేపే దాదీ. మంచం మీద ఎల్లెలుకల పండు, కదలకు. గంతే."

"పగటిపూట పండుకుంటే మనిషికి జబ్బన్నా ఉండాలె, సిగ్గన్నా లేకుండాలె. నాకు రెండూ కాదు."

బద్యా పడుకున్నాడు, అడక్కుండానే. పడుకున్నవాడు పడుకున్నట్టే గుర్రు పెట్టాడు. ఆ గురక సెన్సార్‌లో గని పేలినట్టు వచ్చింది.

ఎలాగో బతిమాలి చాందిని మంచం మీద పడుకోబెడితే ఆమె అరనిమిషానికోసారి తల ఎత్తి కోళ్లను అదిలించేది. బెల్టు పెట్టి కడితే జారిపోయింది. కాంచళి మీద కడితే అద్దాలూ బిళ్లలూ ఒకదానికొకటి తగిలి, తెర మీద గీత పిచ్చిగీతలు గీసింది. భార్గవికి ఏడుపొచ్చినంత పనైంది. సార్ చెప్పిన మాటే నిజమవుతుందేమోనని భయం పట్టుకుంది.

"గింతకూ అది ఏం జూస్తది?" అంది చాంది, మనవరాలి ముఖం చూసి జాలిపడి.

"నాయిన ఆటో ఆపి ఉన్నప్పుడు, ఇంజన్ బంద్ చెయ్యకపోతే సీటు అదురుతది గదా? గట్ల. నువ్వు ఆగి ఉండాలె, లోపలి ఇంజన్ నడుస్తుండాలె. నీ కదలిక దానికి ఆననియ్యొద్దు."

చాంది లేచి వెళ్లి తన గుడ్డల మూట తెచ్చుకుంది. గడప పక్క నీడలో కాళ్లు చాపి కూర్చుని, సూదిలో దారం ఎక్కించి, కుట్టు మొదలుపెట్టింది. విసిగి లేచిందేమో అనుకుంది భార్గవి. కానీ చూస్తూ చూస్తూ ఉంటే అర్థమైంది. అద్దం చుట్టూ దారం తిప్పేటప్పుడు చాంది వేళ్లు తప్ప మరేమీ కదలడం లేదు. మోచేతులు నడుముకు ఆనుకుని ఉన్నాయి. మెడ వంగిన చోట వంగినట్టే ఉంది. మంచం మీద ఒక్క నిమిషం నిలవని మనిషి సూది చేతికి రాగానే గోడలా కుదురుకుంది. చిన్నప్పటి నుంచి ఆ గడప దగ్గర ఈ కూర్చోవడాన్ని భార్గవి వచ్చినప్పుడల్లా చూసింది. ఎన్నడూ చూడనట్టు ఇవాళ చూసింది.

"దాదీ, గట్లనే ఉండు. లేవకు. దీనికి ఒక సంచి కుట్టి ఇస్తవా? రొమ్ము మీద గట్టిగ ఆనాలె. అద్దాలు ఉండొద్దు."

"అద్దాలు లేకుండ సంచేంది, ముండమోసినట్టు," అంది చాంది. కుట్టింది మాత్రం అడిగినట్టే, కాంచళి లోపలివైపు, చర్మానికి ఆనేలా, చిప్పుకు సరిగ్గా సరిపోయే చిన్న జేబు. జేబు అంచున మాత్రం ఒకే ఒక్క అద్దం కుట్టింది. అదీ లేకుండా కుట్టడానికి ఆమె ఒప్పుకోలేదు, భార్గవి వాదించలేదు.

మధ్యాహ్నానికి తెర మీద గీత కుదురుగా నడిచింది. చిన్న గుట్ట, పెద్ద గుట్ట, పల్లం. మళ్లీ చిన్న గుట్ట, పెద్ద గుట్ట, పల్లం. భార్గవి ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది.

"ఇదేనా నా గుండె?"

"అవ్ దాదీ."

చాంది చాలాసేపు చూసింది. "బాగనే నడుస్తుంది," అంది చివరికి, ఎద్దును చూసి చెప్పినట్టు. ఆ తర్వాత గొంతెత్తి పక్కింటామెను పిలిచింది.

అంతే, మర్నాటికి తండా ఆడవాళ్లంతా గుడ్డల మూటలు పట్టుకుని చాంది గడప ముందు చేరారు. ఒక్కొక్కరి రవికకూ ఒక జేబు. ఒక్కొక్కరి గుండె కాసేపు తెర మీద. నాది ఉరుకుతుందంటే నాది ఉరుకుతుందని పందేలు. నీది ఉరుకుతున్నది గుండె కాదు, నోరు, అని వెక్కిరింపులు. 'సహకరించలేదు' అని పడ్డ పేర్ల పక్కన ఒక్కొక్క అంకె చేరుతుంటే భార్గవికి కడుపు నిండినట్టుంది. ఇంత గర్వం ఆమెకు ఎంసెట్ ర్యాంకు వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఒక్క లోపం మిగిలింది. కుట్టు ముగిసిన చోట ఆడవాళ్లు దారాన్ని పళ్లతో కొరుకుతారు. కత్తెర ఉన్నా అందుకోరు. తల వంచి కొరకగానే రొమ్ము కుదుపుకు గురై, గీత చెదిరి, కాసేపు ఏమీ లేకుండా సాఫీగా పోయి, మళ్లీ అందుకుంటుంది. భార్గవి దాన్ని కనిపెట్టి, అలాంటి ఖాళీలను కత్తిరించి రెండు కొసలనూ అతికించే చిన్న ప్రోగ్రాం రాసింది. చాంది గీతలో ఈ ఖాళీలు అందరికన్నా ఎక్కువ. చాంది అందరికన్నా జోరుగా కుడుతుంది, కొరకడమూ ఎక్కువే, అనుకుంది.

ఒకసారి చాంది సూది వేలికి గుచ్చుకుంది. కుట్టు ఆపి కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఏమైంది దాదీ?"

"ఏం గాలె. అద్దం మెరిసింది కండ్లల్ల." వేలు నోట్లో పెట్టుకుని, మళ్లీ సూది అందుకుంది.

భార్గవి ఆ ఖాళీనీ కత్తిరించి అతికించింది.

*

రివ్యూ రోజున బలరాం ఆటోకు కిరాయి పని లేదు. పొద్దున్నే కడిగి, పూలదండ వేసి, బస్టాండుకు వెళ్లి తల్లినీ తండ్రినీ ఎక్కించుకుని తిన్నగా కాలేజీ గేటులోకి తెచ్చాడు. వాచ్‌మన్ ఆపితే, "మా అమ్మ ప్రాజెక్టు చూపియ్యనీకె వచ్చింది," అన్నాడు. అన్నాక ఎందుకైనా మంచిదని, "మా పాపదే ప్రాజెక్టు," అని కూడా చేర్చాడు.

ల్యాబులో పరదాలు వేసి ఉన్నాయి, ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి. బయటి ఎగ్జామినర్ సారంగపాణి గారు పెద్దాయన, విజయవాడ వైపు మాట. సరిత గడియారం చూపించింది, సాఫీగా జరిగిపోయింది. తర్వాత భార్గవి.

చాందికి కుర్చీ వేశారు. ఆమె కుర్చీని చూసి, పక్కకు జరిపి, నేల మీద కాళ్లు చాపి కూర్చుంది. గుడ్డ విప్పింది. ఇంతమంది పాంట్లూ చొక్కాల మధ్య ఎర్రటి లంగా, అద్దాల కాంచళి, చేతులనిండా తెల్లటి గాజులతో ఆమె అలా కూర్చుంటే ల్యాబు ఆమెదే అన్నట్టుంది. ద్వారం దగ్గర నిలబడ్డ బద్యా తలపాగా సర్దుకున్నాడు.

గోడ మీది పెద్ద తెర పైన గీత లేచింది. చిన్న గుట్ట, పెద్ద గుట్ట, పల్లం.

"అది గుండేనని ఏమిటి నమ్మకం?" అన్నాడు సారంగపాణి. "ఫ్యాను అదురు కూడా కావచ్చు గదా."

"దాది మెడ దగ్గర సరిత నాడి పట్టుకుని లెక్కపెడ్తది సార్. సరిపోతదో లేదో మీరే చూడుండ్రి."

సరిత చాంది పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఈసారి, "పట్టుకోవచ్చా అమ్మమ్మా?" అని అడిగింది. చాంది మెడ కొంచెం పక్కకు వంచింది. సరిత రెండు వేళ్లు ఆనించి, నాడి తగిలినప్పుడల్లా ఊ, ఊ, అంటూ తల ఊపింది. ఆమె తల ఊగడమూ, తెర మీద పెద్ద గుట్ట లేవడమూ ఒక్కటిగా సాగాయి. సారంగపాణి కళ్లద్దాలు పైకి నెట్టుకుని ముందుకు వచ్చాడు. శివకుమార్ సార్ చేతులు కట్టుకుని నిలబడ్డవాడు చేతులు విప్పాడు. భార్గవి గుండె కూడా అప్పుడు తెర మీద పెడితే ఎలా దూకేదో.

అప్పుడు గీత సాఫీగా పోయింది.

"దారం కొరికినప్పుడు ఒక చిన్న గ్యాప్ వస్తది సార్," అన్నాడు శివకుమార్ సార్ వెంటనే, తన విద్యార్థిని మాట తానే అందుకుని. "దాన్ని ఫిల్టర్ చేస్తది."

భార్గవి తెర వంక చూడటం లేదు. దాది వంక చూస్తోంది. చాంది దారం కొరకలేదు. దారం ఇంకా మూరెడు పొడుగుంది. సూది గాలిలో నిలబడి ఉంది. నోరు మూసే ఉంది. సరిత వేళ్లు మెడ మీదే ఉన్నాయి, కానీ సరిత తల ఊగడం మానేసింది. తన వేళ్లే జారిపోయాయేమోనని ఇంకొంచెం నొక్కి, అయోమయంగా భార్గవి వైపు తల ఎత్తింది.

చాంది కళ్లు గట్టిగా మూసుకుంది. గీత మళ్లీ లేచింది. సరిత మళ్లీ ఊ అంది, చాలా మెల్లగా.

"అద్దం మెరిసింది," అంది చాంది, ఎవరూ అడగకుండానే.

పరదాలు వేసిన గదిలో ఎండ ఎక్కడిది? అద్దం ఎక్కడ మెరిసింది? తండాలో తాను కత్తిరించి అతికించిన ఖాళీలన్నీ వరసగా భార్గవి కళ్ల ముందుకు వచ్చాయి. అవి దారం కొరికిన చోట్లు కావు. అన్నీ కావు. దాది గుండె ఆగిన చోట్లు. మనవరాలు వాటిని నీట్‌గా కత్తిరించింది.

కింద కూర్చుని దాది చేతిలోంచి సూది తీసి గుడ్డకు గుచ్చింది. "నేను ఇంతటితోటి ఆపేస్తున్న సార్."

"ఎందుకమ్మా?" అన్నాడు సారంగపాణి. "బాగా నడుస్తోంది గదా."

"నడుస్తుంది సార్. అందుకే ఆపుతున్న. నా సెన్సార్ కరెక్టే. ఆగింది మా దాది గుండె. దవాఖానాకు పోవాలె."

చాందికి కోపమొచ్చింది. "పరీక్ష నడుమల లేస్తరా ఎవరన్నా? నాకేం గాలె. కూసో. చెప్పు వాళ్లకు."

"ఎప్పటి నుంచి చీకట్లస్తున్నయ్ కండ్లకు?"

చాంది ముఖం తిప్పుకుంది. తలుపు దగ్గర బద్యా తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పత్తి ఏరినప్పటి సంది," అంది చివరికి. "ఒకనాడు చేన్ల పడ్డ కూడ. ఎండ అనుకున్న."

"మరి చెప్పవా?"

"చెప్తే దవాఖానాకు పొమ్మంటరు. పోతే గాజులు తియ్యమంటరు." అదే అన్నిటికీ జవాబన్నట్టు గుడ్డ మడవడం మొదలుపెట్టింది.

ఆటో ముందు పూలదండ అలాగే ఉంది. బలరాం దాన్ని తీయలేదు, తీసేంత ఓపిక లేదు. హారన్ మోగిస్తూ ఖమ్మం బజార్లోంచి తోలాడు.

*

ఈసీజీ తీసే గదిలో భార్గవి ఒక తగువుకు సిద్ధపడి నిలబడింది. రెండు మణికట్లకూ క్లిప్పులు పెడతారు. గాజులు తీయమంటారు. దాది లేచి వచ్చేస్తుంది.

అక్కడ పనిచేసే అమ్మాయి పేరు సుజన అని జేబు మీద రాసి ఉంది. చాంది చేతులు చూసింది. "భుజాల మీద స్టిక్కర్లు పెడ్తనమ్మా. గాజులు ఉండనియ్," అంది. అంతే. పని చేసుకుంటూ పోయింది.

ఇంత సులువా, అనుకుంది భార్గవి. ఆ మాట ఆ రోజు బడి వరండాలో ఒక్కరికీ తోచలేదు. తనకూ తోచలేదు.

కాగితం మీద గీత చక్కగా వచ్చింది. డాక్టరు చూసి, "ఇందులో ఏం లేదు," అన్నాడు. భార్గవి ల్యాప్‌టాప్ తెరిచింది. కత్తిరించిన గీతలు కాదు, అంతకుముందువి, తండాలో ఎలా పట్టాయో అలాగే ఉన్నవి. దారం కొరికినప్పుడు ముందు ఒక కుదుపు వస్తుంది, దాని వెనక ఖాళీ. కుదుపు లేకుండా ఉత్త ఖాళీ వచ్చిన చోట్లు వేరు. పక్కపక్కన పెట్టి చూపించింది. రెంటికీ తేడా ఇప్పుడు గుడ్డివాడికైనా కనబడుతుంది. తనకే ఇంతకాలం కనబడలేదు.

"నువ్వు చేసిన మిషనా ఇది?"

"అవ్ సార్."

"దీన్ని చూసి వైద్యం చెయ్యలేం," అన్నాడు డాక్టరు. భార్గవి ముఖం వాడేలోపే, "కానీ దీన్ని చూసి ఇంటికి కూడ పంపలేం. మానిటర్ మీద పెడదాం," అన్నాడు.

మర్నాడు, చాంది పక్క మంచం ఆమెతో ఇప్పపువ్వు ధర గురించి మాట్లాడుతుండగా, మానిటర్ కూత పెట్టింది. నర్సులు పరుగెత్తుకొచ్చేసరికి చాంది కళ్లు తెరిచి, మాట ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి అందుకుంది. ఈసారి ఖాళీ దవాఖానా తెర మీదనే పడింది. డాక్టరు చెప్పిందేమిటంటే, గుండెకు కొట్టుకొమ్మని చెప్పే తీగ అప్పుడప్పుడు చెప్పడం మానేస్తోంది. ఎడమవైపు మెడ ఎముక కింద అగ్గిపెట్టెంత మిషన్ పెడితే అది మానినప్పుడల్లా ఇది చెబుతుంది. ఆరోగ్యశ్రీలో అయిపోతుంది. ఇంకా కొన్నాళ్లు ఆలస్యమై, ఈమె ఏ బావి గట్టునో నిలబడి ఉండగా ఆగి ఉంటే?

సాయంత్రం శివకుమార్ సార్ అరటిపళ్లు పట్టుకుని వచ్చాడు. చాందికి దండం పెట్టి, భార్గవిని వరండాలోకి పిలిచాడు.

"సారంగపాణి గారు నీ మార్కులు వెయ్యలె. మిగతా డెమో చూసినంకనే వేస్తనన్నడు. ఆయనే మళ్ల వస్తడట." కాసేపు తన బూట్లు చూసుకున్నాడు. "ఆ తీసేసిన గ్యాపులు ఉన్నయి గదా, అన్నీ మళ్ల పెట్టు."

"గ్రాఫ్ నీట్‌గా ఉండదు సార్."

"ఉండకపోనీ."

పక్క మంచం ఆమె పేరు బతుకమ్మ, మణుగూరు బొగ్గుగనుల కాలనీ నుంచి వచ్చింది. నీకేమైందక్కా అని అడిగితే చాంది వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. "నాకేం గాలె. గుండె నడుమ నడుమ ఆగుతదంట. గడియారం అసలు గుండెనే లేదన్నది. మా మనవరాలి మిషన్ ఉందన్నది, ఆగుతుందని కూడ చెప్పింది." కాంచళి అంచు తిప్పి, ఒంటి అద్దమున్న జేబు చూపించింది. "ఈ సంచి నాది."

*

ఆపరేషన్ పొద్దున సుజనే వచ్చి చెప్పింది. గొంతు తగ్గించి, మంచం పక్కన కూర్చుని చెప్పింది. ఈసారి తప్పదు. కత్తి పెట్టేది ఎడమవైపు, భుజం దాకా మందుతో తుడవాలి. ఎడమచేతి గాజులు, కిందివీ పైవీ, ఉండకూడదు. కుడిచేతివి ఉంచుకోవచ్చు.

చాంది కిటికీలోంచి బయటికి చూసింది. భార్గవి సుజన వైపు తిరిగి, మళ్లీ దాది వైపు తిరిగింది. ఏ గాజుల కోసం ఇన్ని చేసిందో ఆ గాజులే తీయమని ఏ నోటితో చెప్పడం? చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు అందరికన్నా బాగా తెలుసు. ఆ గీత ఆమె కళ్లలోనే ఉంది.

"నూనె తే," అన్నాడు బద్యా.

గోడవార నేల మీద కూర్చుని ఉన్న మనిషి లేచి వచ్చాడు. బలరాం తెచ్చిన కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని, పెళ్లాం చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. వార్డులో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. చూడనీ అన్నట్టు గొంతు పెంచాడు.

"మొగుడు పోతే ఎవరో వచ్చి తీస్తరు. నేను పోలె. గందుకే నేనే తీస్తున్న. అందరు చూడుండ్రి."

ముందు మోచేతి కిందివి. ఒక్కొక్కటే, వేలి కణుపుల దగ్గర ఆగి, మళ్లీ జారి. తర్వాత పైవి. ఏళ్ల తరబడి కదలని గాజులు. వాటి కింద చర్మం పసిపిల్ల చర్మంలా తెల్లగా, మెత్తగా ఉంది. బద్యా ఆ తెల్లటి జాగాను బొటనవేలితో ఒకసారి తడిమాడు. చాంది కళ్లనీళ్లు పెట్టుకుంది, కానీ చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"మళ్ల నువ్వే ఎక్కియ్యాలె," అంది.

"నేను గాక ఇంకెవరు ఎక్కిస్తరు?"

ఆమెను లోపలికి తోసుకుపోయారు. బద్యా చేతుల్లో గాజులు మిగిలాయి. కింద పెట్టకూడదు. సంచిలో వేస్తే తీసి దాచినట్టవుతుంది, అదీ మంచిది కాదు. కిందివి భార్గవి చున్నీలో పోశాడు. చున్నీ చివర ముడివేసుకుని ఆమె గట్టిగా పట్టుకుంది. పైవి, వెడల్పుగా ఉన్నవి, కాసేపు తిప్పితిప్పి చూశాడు. తర్వాత ఒక్కొక్కటే తన ఎడమచేతికి ఎక్కించుకున్నాడు. ఎముకలు తేలిన ముసలి చెయ్యి, నరాలు, మట్టి ఇంకిన గోళ్లు, వాటి పైన మోచేతి దాకా తెల్లటి గాజులు. వెళ్లి ఆపరేషన్ గది తలుపుకు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు.

వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చూశారు. ఒకరిద్దరు ముసిముసిగా నవ్వుకున్నారు. మగవాణ్ణి పట్టుకుని చేతులకు గాజులు తొడుక్కున్నావా అంటే తలలు పగిలే ఊళ్లు ఇవి. భార్గవికి ఆయన పక్కన కూర్చోవాలనిపించి కూర్చుంది.

తలుపు దగ్గరి సెక్యూరిటీ కుర్రవాడు ఆగలేక అడిగేశాడు.

"ఏంది తాతా, గాజులు తొడుక్కున్నవ్?"

బద్యా చెయ్యి దాచుకోలేదు. వాడికి బాగా కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు.

"అవ్, తొడుక్కున్న," అన్నాడు. "నా పెండ్లాంవి. లోపట ఆమె గుండె బాగు చేస్తున్నరు. ఆగుతుందని ఎవరికీ తెల్వలె, ఈమెకు తెలిసింది, నా మనవరాలు. ఆమె బయటికొచ్చేదాక ఇవి నా చేతికే ఉంటయి."